కివా

బడిలో ఒకే పిల్లవాణ్ని రోజూ ఏడిపించడం, ఆటలోంచి గెంటేయడం, పేర్లు పెట్టడం... బలవంతుడు బలహీనుణ్ని పదేపదే ఇలా బాధిస్తుంటే అది అల్లరి కాదు, బుల్లీయింగ్. దాన్ని ఆపడానికి ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన కార్యక్రమమే కివా.

దీని ప్రధాన దృష్టి చుట్టూ చేరిన పిల్లల మీద. ఏడిపించేవాడికి వంతపాడేవారు, చూసి నవ్వేవారు, పక్కకు తప్పుకునేవారు, బాధితుడి పక్షాన నిలిచేవారు ఉంటారని మనస్తత్వవేత్త క్రిస్టినా సాల్మివల్లి బృందం 1996లోనే వివరించింది. ఆ నవ్వులు ఆగితే వేధించేవాడి జోరు తగ్గుతుంది. అందుకే పాఠాల్లో, కంప్యూటర్ ఆటల్లో పిల్లలకు తోటివారికి అండగా నిలవడం నేర్పిస్తారు.

బిడ్డ బడిలో వేధింపుకు గురవుతుంటే ఇంట్లో కనిపించే ఆనవాళ్లు కొన్ని: చిరిగిన పుస్తకాలు, బడికెళ్లే పొద్దున కడుపునొప్పి, ఉన్నట్టుండి మౌనం.

‘నువ్వూ తిరిగి కొట్టు’ అనేముందు బిడ్డ మాట పూర్తిగా వినాలి. జరిగినవి తేదీలతో రాసుకుని టీచరుకు చెప్పాలి. మన దేశంలో పిల్లల సహాయవాణి 1098కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.