తోటమడిలో తానుగా మొలచిన ముండ్లమొక్కను గుర్తించు విధము

నంద్యాల జిల్లా కోయిలకుంట్ల ప్రాంతమందలి కూరగాయల మళ్లలో వంగ, మిరప మొక్కల నడుమ ఎవరును నాటని ముండ్లమొక్క యొకటి తరచుగ పైకి వచ్చుచుండును. కొందఱు దానిని జమ్మియని భక్తితో విడిచిపెట్టుదురు. కొందఱు నల్లతుమ్మ యనుకొని, పనిముట్లకు కఱ్ఱ దొరకునని పెరుగనిత్తురు. పెక్కుచోట్ల నది సర్కారుతుమ్మయే.

ఈ చెట్టు మన దేశపుది కాదు, అమెరికా ఖండపుది. 1877వ సంవత్సర ప్రాంతమున మద్రాసు అటవీశాఖవారు విత్తనములు తెప్పించి కడపజిల్లా కమలాపురమువద్ద నాటించిరి. కోయిలకుంట్ల సీమలో పాఱు కుందేరు పెన్నలో కలియునదియు ఆ ప్రాంతమందే. సర్కారు తెచ్చినది యిప్పుడు రైతు పీకవలసి వచ్చినది!

దీని కాయలు తియ్యనివగుటచే మేకలును పశువులును ఆశతో తినును. గట్టిపెంకుగల గింజ కడుపులో నరుగక పేడతో బయటపడి, చివకని యెరువువెంట మడికి చేరును.

మొదటి ఆకునుబట్టి నిర్ణయింపరాదు. ఈ జాతి మొలకలన్నియు అప్పుడించుమించు ఒక్కతీరుగనే యుండును. మొక్క కొంత యెదిగిన పిమ్మట ముండ్లను చూడవలెను. జమ్మికి పొట్టిముండ్లు కణుపుల నడుమ చెదరి యుండును. సర్కారుతుమ్మకు కణుపులయొద్దనే యుండును. నల్లతుమ్మకును అట్లే గనుక, ఆ రెంటిని ఆకునుబట్టి వేఱుపఱుపవలెను. ఎదిగిన ఆకులో సర్కారుతుమ్మకు పిల్లయీనెలు సాధారణముగ ఒకటి రెండు జతలు మాత్రమే. నల్లతుమ్మకు మూడు మొదలు ఆఱు జతలవఱకు గలవు, చిన్నాకులును మిక్కిలి సన్నములు. ఆకునకు నాలుగే రేకులున్నచో సీమచింత. ముండ్లే లేనిచో సుబాబులు కావచ్చును.

జమ్మియైనచో మడినుండి తీసినను గట్టుమీద నొకటి యుండనీయవచ్చును. దాని నీడ పైరుకు చెఱుపు చేయదు. సర్కారుతుమ్మను మాత్రము కొడవలితో కోసి ఊరకుండరాదు. వేరుమొదటనున్న కన్నులనుండి ఒకటికి నాలుగు చిగుళ్లు వచ్చును. నీరు కట్టిన మఱునాడు, మొక్క జానెడు మించకమునుపే, తల్లివేరుతోసహా లాగివేయవలెను. రేగడి యెండి బిగిసినపుడు లాగినచో వేరు నడుమ తెగును. ముదిరినదానిని గడ్డపారతో త్రవ్వి, నేలకు జానెడు లోతున వేరు నఱకవలెను.

మేకలమంద కట్టించిన చేలను తొలకరి పిమ్మట రెండు మూడు పర్యాయములు వెదకవలెను. గింజలన్నియు ఒక్క వానకే మొలవవు.