పూర్వపు అంగడి కట్టడములు – వాని నేటి యుపయోగములు

అంగడి యనగా సరకులు కొని యమ్ము చోటు మాత్రమే కాదు. వానలు తప్పిన యేట మన సీమ రైతు తన వేరుసెనగకాయలకు వచ్చిన ధరను బట్టియే యింటి తిండిగింజలను, పిల్లవాని బడిజీతమును లెక్కించుకొనవలసియుండును. పల్లెజనులు ఒకరి యోగక్షేమము లొకరు తెలిసికొనునదియు నచ్చటనే. అట్టి చోట్లకు నీడ కల్పించి పూర్వులు కట్టిన కట్టడములు నేడెట్లున్నవో బాలబాలికలకు దెలుపుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము.

విజయనగర రాజుల కాలమున మన లేపాక్షి యాత్రాస్థలమును, వర్తక స్థానమునై యుండెను. ఆనాటి అంగడి వీధులను కన్నులార చూడగోరువారు హంపికి పోవలెను. అచ్చట విరూపాక్షాలయము నెదుట సుమారు 750 మీటర్ల పొడవున, వీధికి ఇరుప్రక్కల రాతిస్తంభముల మంటపములు వరుసగా నున్నవి. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆ నగరపు అంగళ్ల సమృద్ధిని వర్ణించెను. 1565 నాటి యుద్ధానంతరము నగరము పాడయ్యెను. కాలక్రమమున సామాన్యులు ఆ మంటపములలో గోడలు పెట్టుకొని కాపురముండిరి; చిన్న దుకాణములు నడిపిరి. 2011లో అధికారులు వారిని వెడలించి, ఆ చేర్పులను పడగొట్టిరి. రాళ్లు దక్కినవి గాని, అచ్చట బ్రదికిన కుటుంబములు చెదరిపోయినవి.

చెన్నపట్టణపు మూర్ మార్కెట్టు గతి వేరు. 1900లో తెరువబడిన ఆ యెఱ్ఱని కట్టడము పాత పుస్తకములకు పెట్టినది పేరు. బీద విద్యార్థులు తక్కువ వెలకు చదువు సామగ్రిని అచ్చట సంపాదించుకొనెడివారు. 1985లో అది అగ్నికి ఆహుతియయ్యెను. ఆ తావున నేడు రైల్వేవారి కట్టడము నిలిచియున్నది.

హైదరాబాదునందలి మొజంజాహీ మార్కెట్టు చరిత్ర యింతకంటె సంతోషకరము. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కుమారుని పేర 1935లో నల్లరాతితో కట్టబడిన ఈ అంగడికి గుమ్మటములును, గడియారపు బురుజును గలవు. మొదట ఇది పండ్లకు ప్రసిద్ధి. టోకు వర్తకము నగరపు అంచులకు తరలిన పిదప కట్టడము క్రమముగా శిథిలమగుచు వచ్చెను. 2018 మొదలు 2020 వరకు మరమ్మతులు జరిగినవి. అడ్డదిడ్డముగా పెరిగిన చేర్పులను తొలగించి, రాతిని శుభ్రపరచిరి. నేడు అందు ఐసుక్రీము, అత్తరు, ఎండుపండ్ల దుకాణములు నడుచుచున్నవి. నడిమి ముంగిట సంగీత సభలును జరుగుచున్నవి.

ఈ మూడింటిని పోల్చి చూడగా మనకు బోధపడునదేమి? వాడుకలేని యిల్లు త్వరగా పాడగును. మనుష్యులు మసలు కట్టడమున కారిన కప్పును, కదలిన రాతిని వెంటనే కనిపెట్టి బాగుచేయుదురు. దళసరి గోడలు, ఎత్తైన కప్పులు, గాలి యాడు ముంగిళ్లు గల పాత అంగళ్లు మన యెండలకు మిక్కిలి తగినవి. కాని వాడుక పేర గోడలు తొలచుట, కప్పుపై రేకులు కప్పుట, విద్యుత్తీగెలను అజాగ్రత్తగా లాగుట నాశనహేతువులు. మఱియు, రాతిని కాపాడు తొందరలో మనిషిని మఱువరాదు. బీద వర్తకునకు ముందుగా వేరొక నీడ చూపక తొలగించుట న్యాయము కాదు. అబద్ధపు త్రాసును ఖండించిన పరిశుద్ధ లేఖనములు బీదవాని జీవనాధారమును తీసికొనుటను సహితము ఖండించుచున్నవి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హస్తకళల విక్రయశాలలకు "లేపాక్షి" యను పేరే యున్నది. ఊరూర అంగడికి పేరిచ్చిన గ్రామము మనది! కావున విద్యార్థులారా, స్తంభములపై పేర్లు చెక్కకుడు; చెక్కువారిని మృదువుగా వారింపుడు. మీ ఊరి పాత సంతకట్టను, సత్రమును చూచి, దాని కథను పెద్దలనడిగి వ్రాసిపెట్టుకొనుడు. తెలిసికొనిన దానిని ప్రేమింతుము. ప్రేమించిన దానినే కాపాడుదుము.