గుర్రపువాతం ఎవరి దోషం?

పెళ్ళి సంబంధం కుదిరేటప్పుడు మా కృష్ణా డెల్టా పల్లెల్లో పెద్దలు పొలం సంగతి పైకే అడుగుతారు, పిల్ల వైపు జబ్బుల సంగతి మాత్రం చాటుగా ఆరా తీస్తారు. అందుకే కాన్పులో వాతం వచ్చిన ఇల్లు ఆ మాట బయటపెట్టదు. మా వదినకిప్పుడు తొలిచూలు, నాలుగో నెల. వాళ్ళమ్మకు ఆ రోజుల్లో కాన్పుకు ముందు ఫిట్స్ వచ్చాయన్న సంగతి మొన్నటిదాకా మా ఇంట్లో తెలియదు.

గుర్రపువాతాన్ని వైద్యులు ఎక్లాంప్సియా అంటారు. దాని ముందు మెట్టు ప్రీ-ఎక్లాంప్సియా. ఇరవై వారాలు దాటాక రక్తపోటు 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీను పోతుంటే అదే ఇది. ప్రొటీను పోకపోయినా లివరో, కిడ్నీయో దెబ్బతింటే కూడా ఇదే అంటారు. కాళ్ళవాపు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గాలి సోకడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

దీని మూలం చాలావరకు మాయలో ఉంది. బిడ్డే లేకుండా మాయ ద్రాక్షగుత్తిలా పెరిగే ముత్యాల గర్భంలో కూడా ఇది వస్తుందంటే ఇంకేం సాక్ష్యం కావాలి? గర్భసంచి గోడలోని ధమనులు సన్నగా మెలితిరిగి ఉంటాయి. మాయ కణాలు వాటిలోకి చొరబడి కండరపు పొరను తొలగించి వెడల్పు చేయాలి. నాట్లకు ముందు మేము పంటబోదె పూడిక తీసి వెడల్పు చేస్తాం చూడండి, అట్లాగన్నమాట. ఆ పని సగంలో ఆగితే శివారు చేనుకు నీళ్ళందనట్టు మాయకు రక్తం చాలదు. అప్పుడది ఎస్‌.ఎఫ్‌.ఎల్‌.టి.-1 అనే ప్రొటీన్ను తల్లి రక్తంలోకి అతిగా వదులుతుంది. రక్తనాళాల లోపలి పొరను కాపాడే పదార్థాలను అది పట్టేసుకుంటుంది. దాంతో నాళాలు బిగుసుకుంటాయి, పోటు పెరుగుతుంది, కిడ్నీ వడపోత చెడి ప్రొటీను కారిపోతుంది.

ఆ మాయలో సగం జన్యువులు తండ్రివి! ఇలాంటి కాన్పులో పుట్టిన మగవాళ్ళ భార్యలకు కూడా ముప్పు ఎక్కువేనని 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో జరిగిన పరిశీలనలో తేలింది. మరి పెళ్ళికొడుకు తల్లి కాన్పు సంగతి ఎవరైనా అడిగారా?

తొలిచూలు, కవలలు, ముందు కాన్పులో వచ్చి ఉండటం, తల్లికో అక్కచెల్లెళ్ళకో వచ్చి ఉండటం, ముందునుంచే ఉన్న బి.పి., షుగరు, కిడ్నీ జబ్బు, ఒళ్ళు లావు, నలభై దాటిన వయసు - ఇవన్నీ ముప్పును పెంచేవే. వీటిలో మా వదినకు రెండున్నాయి. ముప్పు ఎక్కువున్నవారికి డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. దాన్ని పన్నెండో వారం తర్వాత, పదహారు వారాలు నిండేలోపు మొదలుపెడితే మేలు. ఆ నాలుగు వారాలూ గుట్టు దాచడంలోనే గడిచిపోతే? అందుకే వదినను గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు వాళ్ళమ్మ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పాం. ఆస్పిరిన్ రాశారు. మనంతట మనం కొనుక్కుని మింగే మందు మాత్రం కాదిది.

ఉప్పు మాన్పిస్తే ఇది ఆగదు. విడవని తలనొప్పి, కళ్ళు మసకలు, డొక్క పైభాగంలో నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఉంది. అసలు విరుగుడు కాన్పు, మాయ బయటపడటం. అయినా పురిటి తర్వాత ఆరు వారాల దాకా ఇది రావచ్చు, కాబట్టి బాలింతకు కూడా బి.పి. చూపిస్తూనే ఉండాలి.