సింథటిక్ ట్రాక్‌కు పునాదే ప్రాణం

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల మహిళల హెప్టాథ్లాన్‌లో కాంస్య పతకం సాధించిన అగసర నందిని, అప్పట్లో సంగారెడ్డి జిల్లాలోని సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాల విద్యార్థిని. ఆమె సాధించిన 5,712 పాయింట్లకూ, నాలుగో స్థానానికీ మధ్య తేడా నాలుగు పాయింట్లు మాత్రమే. చివరి అంశమైన 800 మీటర్ల పరుగులో నాలుగు పాయింట్లంటే సెకనులో మూడో వంతు కూడా కాదు. ఇంత స్వల్ప వ్యవధి పతకాన్ని నిర్ణయించే క్రీడలో, సాధన చేసే ట్రాక్ నాణ్యతకు ఎంతో ప్రాధాన్యం ఉన్నది.

మట్టి ట్రాక్ వానకు బురదగా, ఎండకు గట్టి నేలగా మారుతుంది. అన్ని కాలాల్లో ఒకే తీరుగా ఉండే సింథటిక్ ట్రాక్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారిగా 1968లో మెక్సికో నగరంలో వినియోగించారు. పటాన్‌చెరుకు సమీపంలోని గచ్చిబౌలి స్టేడియం సింథటిక్ ట్రాక్‌పై 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి.

కంటికి కనిపించే పాలియూరిథేన్, రబ్బరు పొర మందం సాధారణంగా 13 మిల్లీమీటర్లే. దాని కింద తారు పొర, ఆ కింద కంకర, అన్నిటికీ అడుగున గట్టిపరచిన నేల ఉంటాయి.

పటాన్‌చెరు ప్రాంతంలో ఈ అడుగు నేలే అసలు పరీక్ష. 1972లో ఇక్కడ ఏర్పాటైన ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్ర నేలలతో పాటు నల్లరేగడి కూడా కలదు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఈ కదలిక వలన తారు పొర పగిలి, పైపొర ఎగుడుదిగుడవుతుంది. అందువలన రేగడిని తగిన లోతు వరకు తొలగించి మొరంతో నింపడం గాని, సున్నం కలిపి స్థిరపరచడం గాని అవసరం. వర్షపాతంలో అధికభాగం జూన్-సెప్టెంబరు నెలల్లోనే కురుస్తుంది గనుక ట్రాక్ లోపలి అంచు వెంబడి నీటి కాలువ కూడా తప్పనిసరి.

ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ప్రమాణాల ప్రకారం లేన్ వెడల్పు 1.22 మీటర్లు, లోపలి వైపు వాలు ఒక శాతానికి మించరాదు. అడుగు తాకిడిని ఉపరితలం 35 నుంచి 50 శాతం వరకు తగ్గించాలి. నాలుగు మీటర్ల కొలబద్ద ఉంచినప్పుడు దాని కింద 6 మిల్లీమీటర్లకు మించి పల్లం ఉండరాదు.

పైపొర అరిగితే మళ్లీ వేయవచ్చు. పునాది కుంగితే మాత్రం మొత్తం తవ్వవలసిందే. కావున పైపొర పరచకముందే నేల, కంకర, తారు పొరలను దశలవారీగా పరీక్షించడం శ్రేయస్కరం. అప్పుడే ప్రజాధనానికీ, క్రీడాకారుల కాళ్లకూ రక్షణ లభిస్తుంది.