పత్తి ప్రచార నిధులు

పత్తి పంటపై పరిశోధనకు, నాణ్యత పెంపునకు, మార్కెట్లో దాని పేరు నిలబెట్టడానికి పత్తి వ్యాపారం, పరిశ్రమల నుండే సేకరించి ప్రభుత్వ నిబంధనలకు లోబడి ఖర్చు చేసే ఉమ్మడి నిధులను పత్తి ప్రచార నిధులు అనవచ్చు. ఒక కంపెనీ తన విత్తనాన్ని గాని, బట్టను గాని అమ్ముకోవడానికి ఇచ్చే ప్రకటన ఇందులోకి రాదు. భారతదేశంలో ఇటువంటి నిధికి తొలి ప్రధాన ఉదాహరణ 1923 నాటి పత్తి సుంకం చట్టం. ఇటీవలి ఉదాహరణ కస్తూరి కాటన్ భారత్ కార్యక్రమం. ఉత్తర తెలంగాణలోని ఆదిలాబాదు, కరీంనగర్ ప్రాంతాలలో పత్తి ప్రధాన వాణిజ్య పంట కనుక ఈ నిబంధనల మంచిచెడులు అక్కడి రైతులకు నేరుగా సంబంధించినవి.

నేపథ్యం

ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని నల్లరేగడి నేలలలో పత్తి ఎక్కువగా వర్షాధారంగా పండుతుంది. ఈ జిల్లా 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలుగా విడిపోయింది. అదే రోజున కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ఆదిలాబాదు, జమ్మికుంట మార్కెట్ యార్డులు ఈ ప్రాంతంలో పేరున్న పత్తి మార్కెట్లు.

రైతు అమ్మేది గింజతో కూడిన విడి పత్తి. జిన్నింగు మిల్లులో గింజను వేరుచేసి, దూదిని ప్రెస్సులో బిగించి బేళ్ళు కడతారు. ఒక బేలులో అనేక చేలకు చెందిన దూది కలిసిపోతుంది. అందువలన ఒక రైతు ఎంత శుభ్రంగా పత్తి ఏరినా, ఆ మంచి పేరు అతని పత్తితో పాటు మిల్లు దాటి పోదు. ఒక రైతు తన ఖర్చుతో పత్తికి ప్రచారం చేస్తే లాభం అందరికీ పోతుంది. అందరికీ లాభం కలిగించే పనికి ఏ ఒక్కరూ ముందుగా ఖర్చు పెట్టరు. ఈ చిక్కును విప్పడానికే ప్రభుత్వాలు చట్టం ద్వారా అందరి నుండి కొద్దికొద్దిగా వసూలు చేసే పద్ధతిని ఏర్పరచాయి.

ఇటువంటి ప్రతి ఏర్పాటులోనూ నాలుగు ప్రశ్నలకు నిబంధనలు సమాధానం చెప్పవలసి ఉంటుంది. ఎవరు చెల్లించాలి? ఎవరు నిర్ణయించాలి? దేనికి ఖర్చు చేయాలి? లెక్కలు ఎవరు అడగాలి? ఒక పంట ప్రచారం నిజంగా ఎవరి మేలు కోసం జరుగుతున్నదో ఈ నాలుగు సమాధానాలను బట్టి తెలుస్తుంది.

చరిత్ర

భారతదేశంలో ప్రభుత్వ నియంత్రణ కింద ఏర్పడిన తొలి పత్తి మార్కెట్ 1886లో విదర్భలోని కరంజాలో మొదలయింది. కరంజా ఉన్న ప్రాంతాన్ని అప్పుడు బేరారు అనేవారు. పేరుకు అది నిజాం రాజ్యంలోనిదే అయినా, పాలన హైదరాబాదులోని బ్రిటిషు రెసిడెంటు అధీనంలో ఉండేది. అందుచేత ఆ మార్కెట్ హైదరాబాదు రెసిడెన్సీ ఉత్తర్వు ప్రకారం ఏర్పడింది. 1897లో బేరారు పత్తి, ధాన్య మార్కెట్ల చట్టం వచ్చింది. పెన్‌గంగ నదికి ఇవతల ఉన్న ఆదిలాబాదుకు విదర్భ పొరుగు ప్రాంతం.

నిజాం రాజ్యంలో నాందేడు, పర్భణీ, ఆదిలాబాదు ప్రాంతాలలో గావరాణి అనే దేశవాళీ పత్తి పండేది. బొంబాయి వ్యాపారంలో దీనికి ప్రత్యేకమైన పేరుండేది. అయితే మేలురకం పత్తి పండే ప్రాంతాలకు బయటి నుండి నాసిరకం పత్తిని తెచ్చి కలపడం ఆనాడు దేశమంతటా ఉన్న సమస్య. దీనివలన మేలురకం పండించిన రైతుకు తగిన ధర దక్కేది కాదు.

ఈ పరిస్థితిని పరిశీలించడానికి ప్రభుత్వం 1917లో ఒక కమిటీని నియమించింది. 1919లో అది ఇచ్చిన నివేదిక ఆధారంగా 1921లో భారత కేంద్ర పత్తి కమిటీ ఏర్పడింది. కమిటీకి స్థిరమైన ఆదాయం కల్పించడానికి 1923లో భారత పత్తి సుంకం చట్టం చేశారు. నాణ్యతను కాపాడటానికి మరి రెండు చట్టాలు తోడయ్యాయి. 1923 నాటి పత్తి రవాణా చట్టం, ఎంపిక చేసిన ప్రాంతాలలోకి బయటి పత్తి రాకుండా అడ్డుకొనే అధికారం ఇచ్చింది. 1925 నాటి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ప్రతి బేలుపై ప్రెస్సు గుర్తు, వరుస సంఖ్య వేయాలి. బేలులో కల్తీ బయటపడితే అది ఏ ప్రెస్సులో కట్టినదో చెప్పగలగడం ఈ నియమం ఉద్దేశం.

1923 చట్టంలోని నిబంధనలు

దేశంలో పండి, రేవుల ద్వారా ఎగుమతి అయిన లేదా మిల్లులలో వాడిన పత్తిపై ఈ చట్టం సుంకం విధించింది. 400 పౌన్ల బేలుకు రెండణాలు సుంకం. మొదటి మూడేళ్ళు మాత్రం నాలుగణాలు. రూపాయికి పదహారణాలు కనుక రెండణాల లెక్కన ఎనిమిది బేళ్ళకు ఒక రూపాయి అయ్యేది. సుంకాన్ని చేను దగ్గర వసూలు చేయలేదు. ఎగుమతిపై రేవులోను, వాడకంపై మిల్లు యజమాని నుండి వసూలు చేశారు. లక్షలాది రైతుల ఇళ్ళ చుట్టూ తిరగడం కంటే కొద్దిమంది మిల్లుదారుల లెక్కలు చూడటం సులభం కావడం ఇందుకు కారణం.

కమిటీలో వ్యవసాయ శాఖల అధికారులు, వాణిజ్య మండళ్ళు, మిల్లు యజమానుల ప్రతినిధులతో పాటు పత్తి రైతుల ప్రతినిధులకు కూడా చోటు కల్పించారు. అయితే రైతు ప్రతినిధులను రైతులు ఎన్నుకొనేవారు కాదు. ప్రాంతీయ ప్రభుత్వాలు నియమించేవి. సుంకం సొమ్మును కమిటీ నిర్వహణకు, పత్తిపై వ్యవసాయ, సాంకేతిక పరిశోధనకు వినియోగించాలని, లెక్కలకు ఏటా ఆడిట్ జరగాలని చట్టం నిర్దేశించింది. 1924లో బొంబాయిలోని మాతుంగాలో నెలకొల్పిన పత్తి సాంకేతిక పరిశోధనశాల ఈ నిధి ఫలితమే. అదే ఇప్పటి కేంద్రీయ పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ. 1960వ దశకం మధ్యలో కేంద్ర పంటల కమిటీలను రద్దు చేయగా, వాటి పరిశోధన బాధ్యతలు భారత వ్యవసాయ పరిశోధన మండలికి చేరాయి.

మార్కెట్ ఫీజు

హైదరాబాదు రాజ్యంలో 1339 ఫసలీలో, అనగా 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. రాష్ట్రాల పునర్విభజన తరువాత దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తులు, పశుసంపద మార్కెట్ల చట్టం, 1966 అమలులోకి వచ్చింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత అదే చట్టం తెలంగాణ పేరుతో కొనసాగింది.

ఈ చట్టం ప్రకారం కొనుగోలుదారు సరుకు విలువపై మార్కెట్ ఫీజు చెల్లిస్తాడు. ఆ సొమ్ము మార్కెట్ కమిటీ నిధిలో చేరుతుంది. యార్డుల నిర్మాణం, తూకాల ఏర్పాట్లు, సిబ్బంది జీతాలు, ధరల సమాచార సేకరణ వంటివి నిధి ఖర్చులు. ఉదాహరణకు 2025-26లో పొడుగు పింజ పత్తికి కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. నూటికి ఒక రూపాయి చొప్పున లెక్కిస్తే ఒక క్వింటాలుపై ఫీజు 81 రూపాయల 10 పైసలు అవుతుంది. చట్టరీత్యా దీన్ని కొనుగోలుదారే చెల్లించినా, బహిరంగ మార్కెట్లో తాను ఇవ్వగల ధర నిర్ణయించుకొనేటప్పుడు అతడు దీన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాడు. కాబట్టి రైతుకు ఈ నిధితో సంబంధం లేదని అనుకోవడం సరి కాదు.

ఇటువంటి ఫీజుపై న్యాయస్థానాలలో ప్రధానంగా చర్చకు వచ్చిన విషయం, ఇది రుసుమా లేక పన్నా అన్నది. పన్ను ప్రభుత్వ సాధారణ ఖజానాలో కలుస్తుంది. రుసుముకు ప్రతిఫలంగా ఏదో ఒక సేవ ఉండాలి. సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో ఈ తేడాను వివరించింది. 1979లో పంజాబు మార్కెట్ ఫీజు కేసులో, వసూలైన సొమ్ములో గణనీయమైన భాగం చెల్లించినవారి సేవలకే వినియోగం కావాలని పేర్కొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 50 పైసలుగా ఉన్న ఫీజును ఒక రూపాయికి పెంచినప్పుడు వ్యాపారులు దానిని సవాలు చేశారు. శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు ఆ పెంపును సమర్థించింది. ప్రతి పైసాకు సరితూగే సేవను చూపనక్కరలేదని, ఫీజుకూ సేవలకూ మొత్తం మీద సంబంధం ఉంటే చాలునని ఆ తీర్పు సారాంశం.

కస్తూరి కాటన్ భారత్

భారతీయ పత్తికి ఒకే వ్యాపార నామం ఉండాలనే ఉద్దేశంతో 2020 అక్టోబరు 7న, ప్రపంచ పత్తి దినోత్సవం నాడు, కేంద్ర జౌళి శాఖ కస్తూరి కాటన్ అనే పేరును, చిహ్నాన్ని ప్రకటించింది. 2022 డిసెంబరు 15న జౌళి శాఖ తరఫున భారత పత్తి సంస్థ, పరిశ్రమ తరఫున కాటన్ టెక్స్‌టైల్స్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. 2022-23 నుండి 2024-25 వరకు మూడేళ్ళకు 30 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇందులో 15 కోట్లు వ్యాపార, పరిశ్రమ సంఘాల వాటా.

నిర్దేశిత ప్రమాణాలకు సరిపోయిన దూదికే కస్తూరి ధ్రువీకరణ లభిస్తుంది. బేలుకు క్యూఆర్ కోడ్ ఇచ్చి, అక్కడి నుండి నూలు, బట్ట దశల వరకు దాని ప్రయాణాన్ని బ్లాక్‌చెయిన్ ఆధారిత వ్యవస్థలో నమోదు చేస్తారు. 1925 చట్టం అడిగిన ప్రెస్సు గుర్తు, వరుస సంఖ్యల వెనుక ఉన్న ఆలోచనే ఇక్కడ కొత్త సాంకేతికతతో కనిపిస్తుంది. ధ్రువీకరణ, ప్రచారాల బాధ్యతను పరిశ్రమే స్వయం నియంత్రణ సూత్రంపై తీసుకోవడం ఈ కార్యక్రమం ప్రత్యేకత. ఒప్పందంపై సంతకం చేసిన రెండు సంస్థలలో రైతుల సంస్థ ఏదీ లేదు.

అమెరికా విధానం

ఈ రకమైన నిధులకు అత్యంత వివరమైన నిబంధనలు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నాయి. అక్కడి పత్తి పరిశోధన, ప్రచార చట్టం 1966లో వచ్చింది. రైతు అమ్మిన ప్రతి బేలుకు ఒక డాలరు, దానికి అదనంగా విలువలో అర శాతం వసూలు చేస్తారు. రైతుల ఓటింగులో ఆమోదం పొందిన తరువాతనే ఈ ఏర్పాటు అమలులోకి వచ్చింది. మొదట్లో ఇష్టం లేని రైతు తన సొమ్మును తిరిగి తీసుకొనే వీలుండేది. 1990 సవరణ ఆ వీలును తొలగించి, పత్తి వస్తువుల దిగుమతిదారులను కూడా చెల్లింపు పరిధిలోకి తెచ్చింది. దీనిపై 1991లో మళ్ళీ ఓటింగు జరిగింది.

కాటన్ బోర్డు నిధిని పర్యవేక్షిస్తుంది. కాటన్ ఇన్‌కార్పొరేటెడ్ అనే సంస్థ పరిశోధన, ప్రచారం నడుపుతుంది. బడ్జెట్లకు, ప్రణాళికలకు వ్యవసాయ శాఖ అనుమతి తప్పనిసరి. ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేయడానికి ఈ సొమ్మును వాడరాదు. పుట్టగొడుగుల ప్రచార రుసుముపై 2001లోను, గొడ్డుమాంసం ప్రచార రుసుముపై 2005లోను అక్కడి సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. తమకు ఇష్టం లేని ప్రచారానికి తమచేత బలవంతంగా చెల్లింపజేయడం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమన్నది చెల్లింపుదారుల వాదన. మొదటి కేసులో ఆ వాదన నెగ్గింది. రెండవ కేసులో, ప్రచారాన్ని ప్రభుత్వమే అదుపు చేస్తున్నందున అది ప్రభుత్వ వాక్కు అవుతుందని కోర్టు రుసుమును సమర్థించింది.

పోలిక

అమెరికాలో రైతు చెల్లిస్తాడు, ఓటు వేస్తాడు. 1923 నాటి భారత చట్టంలో మిల్లుదారు, ఎగుమతిదారు చెల్లించగా, రైతుకు నియమిత ప్రతినిధి ఉండేవాడు. మార్కెట్ ఫీజును వ్యాపారి చెల్లిస్తాడు, కమిటీ ఖర్చు పెడుతుంది. కస్తూరి కార్యక్రమంలో పరిశ్రమ, ప్రభుత్వం చెరిసగం భరించాయి. రైతుపై భారం లేకపోవడం ఇందులోని మేలు. చెల్లించనివాడికి నిర్ణయంలో మాట కూడా లేకపోవడం ఇందులోని లోపం.

పసుపు పంట విషయంలో మరొక మార్గం కనిపిస్తుంది. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డు కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన సంస్థ. జగిత్యాల జిల్లాలోని మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాలలో పసుపు పండించే రైతులకు ఈ బోర్డుతో సంబంధం ఉంటుంది. ఒకే ప్రాంతంలోని రెండు పంటల ప్రచారం ఈ విధంగా రెండు వేర్వేరు పద్ధతులలో సాగుతున్నది.

రైతుపై ప్రభావం

పత్తి రైతు యార్డులో ఎదుర్కొనే మొదటి పరీక్ష తేమ శాతం. భారత పత్తి సంస్థ కొనుగోళ్ళలో 8 శాతం వరకు తేమ ఉంటే పూర్తి మద్దతు ధర లభిస్తుంది. ఆపైన 12 శాతం వరకు తేమను బట్టి ధర తగ్గుతుంది. 12 శాతం దాటిన పత్తిని కొనరు. అంటే నాణ్యత తగ్గితే రైతు ధరలో కోత వెంటనే పడుతుంది. నాణ్యత పెరిగినందుకు రావలసిన అదనపు ధర మాత్రం జిన్నింగు, నూలు, బట్ట దశలన్నీ దాటి రైతు దగ్గరకు తిరిగి రావాలి. ధ్రువీకరణ బేలుతో మొదలయినంత కాలం, బేలుకు ముందున్న చేనుకు ఆ విలువలో వాటా ఎంతో తేల్చడం కష్టం.

కాబట్టి ఒక ప్రచార నిధి విజయాన్ని ఎగుమతులు ఎంత పెరిగాయన్న లెక్కతో పాటు, మంచి పత్తికి యార్డులో సాధారణ పత్తి కంటే ఎంత ఎక్కువ పలికిందన్న లెక్కతో కూడా కొలవవలసి ఉంటుంది. విడి పత్తి కొనుగోలు స్థాయిలో నాణ్యతను పరీక్షించి గ్రేడు నమోదు చేయడం, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు నిధి నిర్వహణలో చోటు కల్పించడం, ఖర్చుల వివరాలను తెలుగుతో సహా రైతుల భాషలలో ప్రకటించడం ఇందుకు తోడ్పడే మార్గాలు.