దెబ్బ ఒకరిది, వేట ఎవరిది?

ఒకరి తూటా తగిలి పారిపోయిన జింక మరొకరి చేతిలో చస్తే అది ఎవరి సొత్తు? అమెరికా న్యాయవిద్యార్థులు ఈ ప్రశ్నను 1805 నాటి న్యూయార్క్ తీర్పుతో మొదలుపెడతారు. లోడోవిక్ పోస్ట్ వేటకుక్కలతో ఒక నక్కను తరుముతుండగా, ఆ సంగతి తెలిసీ జెస్సీ పియర్సన్ దాన్ని చంపి పట్టుకుపోయాడు. వెంటపడినంత మాత్రాన హక్కు రాదనీ, అలా ఒప్పుకుంటే తగవులకు అంతుండదనీ న్యాయమూర్తుల్లో ఎక్కువమంది తేల్చారు. ప్రాణాంతకంగా గాయపరిచి, వెంటాడటం మానని వాడి సంగతి వేరన్నారు. వేటగాళ్లు వాదులాడుకునేది గాయం గురించే. నిజానికి హక్కును నిలబెట్టేది వెంటాడటమే. కొట్టి వదిలేసినవాడికి అడిగే నోరుండకూడదు.

వెంటాడటం కుదరని చోట గుర్తు ఆ పని చేస్తుంది. కేప్ కాడ్ తీరంలో పేలుడు ఈటె తగిలిన తిమింగలం వెంటనే మునిగిపోయి, ఒకటి నుంచి మూడు రోజులకు తేలేది. ఈటె మీది గుర్తును బట్టి అది ఎవరిదో తెలిసేది. ఒడ్డున చూసినవాడు కబురంపితే కొంత ప్రతిఫలం దక్కేది. 1881లో మసాచుసెట్స్‌లోని ఫెడరల్ కోర్టు ఈ ఆచారాన్నే సమర్థించి, ఒడ్డున దొరికినదాన్ని కొనుక్కున్నవాడి చేత ఈటె వేసినవాడికి పరిహారం ఇప్పించింది. ఇప్పుడు వేటగాడికి అనుమతితో పాటు ఇచ్చే ట్యాగు పని వేరు. అనేక అమెరికా రాష్ట్రాల్లో జింక పడగానే, దాన్ని కదిలించకముందే, వేటగాడు తన ట్యాగు మీద తేదీ గుర్తు పెట్టి కొమ్ముకో చెవికో కట్టాలి. ఇది ప్రభుత్వానికి చూపే లెక్క: ఒక ట్యాగుకు ఒక్క జంతువే.

ఆ లెక్కలో పెద్ద చిల్లు ఉంది. దెబ్బతిని పొదల్లోకి పోయి చచ్చిన జింకకు సాధారణంగా ట్యాగు ఉండదు; వేటగాడు అదే ట్యాగుతో ఇంకోదాన్ని కొట్టవచ్చు. మంద మాత్రం రెండింటిని పోగొట్టుకుంటుంది. అందుకే ట్యాగు కళేబరానికి కాక గాయానికి ఖర్చు కావాలి. అలాస్కాలో కొన్ని ప్రాంతాల్లో గాయపడిన ఎలుగుబంటి దొరక్కపోయినా వేటగాడి కోటాలోంచి తీసేస్తారు. దక్షిణాఫ్రికాలో డబ్బు కట్టి వేటాడేవారు నెత్తురు చుక్క కనిపించినా పూర్తి రుసుము చెల్లించడం వాడుక.

గాయం మాని బతికే జంతువుకు కూడా ట్యాగు పోవడం అన్యాయం కాదా అంటారు. అది బతికిందో లేదో తెలియనప్పుడు ఆ నష్టం కాల్చినవాడు భరించాలి గానీ మంద కాదు. అడవిలో ఎవరు చూడొచ్చారనేది మరో అభ్యంతరం. ఆ మాట వేట నియమాలన్నిటికీ వర్తిస్తుంది; అయినా గురి కుదరని దూరం నుంచి కాల్చేముందు ట్యాగు పోతుందన్న భయం కొందరినైనా ఆపుతుంది. వేటను నిషేధించిన మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కళేబరం కోసం ఆగదు. గాయపరచడాన్నీ వేటగానే లెక్కిస్తుంది. ఆత్మరక్షణలో గాయపరిస్తే నేరం కాకపోయినా ఆ జంతువు ప్రభుత్వానిదే అంటుంది. వేటకు అనుమతి ఇచ్చే దేశాలు ఇందులో మొదటి సూత్రాన్నైనా అరువు తెచ్చుకోవచ్చు: బాధ్యత మొదలయ్యేది జంతువు పడినప్పుడు కాదు, దెబ్బ తగిలినప్పుడే.