గెలిచిన పిల్లను పుట్టుక అడుగుడేంది?

జగిత్యాల, కోరుట్లల్లో బీడీలు చుట్టే తల్లి బిడ్డో, సిరిసిల్లలో సాంచాలు నడిపే తండ్రి బిడ్డో పరుగుపందెంలో గెలిచిందనుకోండి. 'శభాష్' అనే నోళ్ళ పక్కనే 'అసలు అది ఆడిదేనా?' అనే నోళ్ళూ ఉంటాయి. ఈ రెండో మాట ఎవరి మీద పడుతున్నదో చూడకుండా ట్రాన్స్‌జెండర్ క్రీడాకారుల గురించి ఎంత చర్చించినా అది గాలి చర్చే.

2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ మాట మన తెలంగాణ పిల్ల మీదనే పడ్డది. అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన అమ్మాయి, టీ అమ్మే తండ్రి బిడ్డ. ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగే పాయింట్ల తేడాతో పతకం పోగొట్టుకున్న స్వప్న బర్మన్, తన పతకం ఒక ట్రాన్స్‌జెండర్‌కు పోయిందని రాసి, తర్వాత ఆ రాత తీసేసింది. రుజువు ఒక్కటీ లేదు. నేనేమిటో నాకు తెలుసు, రుజువు చూపమనండి అన్నది నందిని. స్వప్న కూడా రిక్షా తొక్కిన తండ్రి బిడ్డే. ఇద్దరు పేదింటి ఆడపిల్లల నడుమ ఒక పదాన్ని తిట్టుగా విసిరే అలవాటును సమాజమే నేర్పింది. ఆ తిట్టు ఇద్దరిని కొడుతుంది. అబద్ధపు నింద మోసిన నందినిని కొడుతుంది. నిజంగా ట్రాన్స్‌జెండర్ అయిన మనిషినీ కొడుతుంది, ఎందుకంటే ఆ మనిషి ఉనికే నింద అయిపోయింది గదా!

ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం అవుతున్నాయి. మగపిల్లవాడని నమోదై, తర్వాత స్త్రీగా బతుకుతున్న మనిషి ట్రాన్స్ మహిళ. ఆడపిల్లగానే పుట్టి పెరిగి, లోపలి క్రోమోజోములో హార్మోన్లో వేరుగా ఉన్నవాళ్ళు వేరు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా దళిత కుటుంబం బిడ్డ శాంతి సౌందరరాజన్ ఈ రెండో కోవకు చెందుతుంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిస్తే, పరీక్ష పేరుతో గుంజుకున్నారు. లోకమంతా ఆమె శరీరం గురించి మాట్లాడింది. ఇటుక బట్టీల్లో పనిచేసిన తల్లిదండ్రుల బిడ్డ తానూ మళ్ళీ బట్టీకే పోయింది.

ద్యుతీ చంద్ కథ కొంచెం వేరుగా నడిచింది. ఒడిశా నేతపని ఇంటి పిల్ల. సిరిసిల్లలో మగ్గం చప్పుడు విన్నవాళ్ళకు ఆ ఇల్లు ఎట్లా ఉంటదో చెప్పక్కరలేదు. టెస్టోస్టిరాన్ ఎక్కువున్నదని 2014లో ఆమెను పక్కకు పెట్టారు. ఆమె ఊరుకోలేదు. స్విట్జర్లాండ్‌లోని క్రీడల మధ్యవర్తిత్వ కోర్టుకు పోయింది. 2015 జూలైలో ఆ కోర్టు నిబంధనను నిలిపివేసింది. హైదరాబాద్‌లో నాగపురి రమేష్ దగ్గర సాధన చేసి 2018 ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. నందినికీ కోచ్ ఆయనే. తేడా ఎక్కడున్నది? శాంతి వెనుక నిలబడ్డవాళ్ళు లేరు, ద్యుతీ వెనుక వకీళ్ళూ పరిశోధకులూ నిలబడ్డారు.

పరీక్షల చరిత్ర చూస్తే సైన్సు మీద పెద్ద నమ్మకం పెట్టుకోలేం. 1968 నుంచి ఒలింపిక్స్‌లో స్త్రీలకు క్రోమోజోమ్ పరీక్ష ఉండేది. 1996 అట్లాంటాలో 3387 మందిని పరీక్షిస్తే ఎనిమిది మందికి 'తేడా' వచ్చింది. చివరికి అందరినీ ఆడనిచ్చారు. 1999లో పరీక్షే ఎత్తేశారు. మళ్ళీ 2025 సెప్టెంబర్ 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ తన ప్రపంచ ర్యాంకింగ్ పోటీల మహిళలకు ఎస్‌ఆర్‌వై జన్యు పరీక్ష పెట్టింది. ఆ జన్యువును 1990లో కనిపెట్టిన బృందంలోని ఆండ్రూ సింక్లెయిరే ఇది తగిన పరీక్ష కాదన్నాడు.

మరి ట్రాన్స్ మహిళల సంగతి? దాటవేయకూడదు. మగ యవ్వనం ఎముకకూ కండకూ ఇచ్చే బలం ఉంటది. పెద్ద స్థాయి పరుగుల్లో స్త్రీ పురుషుల మధ్య పదీ పన్నెండు శాతం తేడా ఉన్నది. హార్మోన్ వైద్యంతో హిమోగ్లోబిన్ నెలల్లోనే తగ్గుతుంది గానీ కండబలం అంత తొందరగా తగ్గదు. అందుకే మగ యవ్వనం దాటిన ట్రాన్స్ మహిళలను 2023 మార్చి 31 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ మహిళల విభాగంలోకి రానివ్వడం లేదు. పతకం కోసం ఏండ్లు చెమటోడ్చిన స్త్రీ అడిగే న్యాయం తప్పుడు న్యాయం కాదు. కానీ ప్రపంచ పోటీకి పెట్టిన గీతను బడి మైదానానికీ మండలం కబడ్డీకీ ఎందుకు గీయాలి? అక్కడ ఆట పతకం కోసం కాదు, నలుగురితో కలవడం కోసం.

మన దిక్కు వైరుధ్యం చూడండి. శ్రీరామనవమి నాడు వేములవాడ రాజన్న గుడికి శివసత్తులు, జోగినులు, హిజ్రాలు వేలుగా వస్తారు. తలంబ్రాలు పోసుకుంటారు. వద్దనేవాళ్ళు లేరు. దేవుడి దగ్గర చోటు ఉన్నది, మైదానంలో లేదు. జాతరలో మొక్కే చేతులే తెల్లారి తరిమేస్తయి. నిజాం కాలపు 1329 ఫస్లీ చట్టం హిజ్రాలను రిజిస్టరులో ఎక్కించి నేరస్థుల లెక్క చూసింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. నూరేండ్లు పట్టింది!

పుట్టుకను చూసి బావి దగ్గరికి రానివ్వని ఊళ్ళు మనవి. ఎవరి ఒంటి విచారణ ఎవరు చేస్తున్నారన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. కాబట్టి పీఈటీ సార్లు, గురుకులాల టీచర్లు, విద్యార్థి సంఘాలు ఈ చిన్న పని చేయవచ్చు. పిల్ల ఆడతనం మీద పుకారు వస్తే దాన్ని ఫిర్యాదుగా తీసుకోవద్దు. వైద్య పరీక్ష ఎవరైనా అడిగితే పిల్ల ఒప్పుదల, గోప్యత, తల్లిదండ్రులకు వివరణ ముందు కావాలి. పరీక్షలో ఏం తేలినా హాస్టల్ సీటూ స్కాలర్‌షిప్పూ పోవద్దని రాతపూర్వకంగా తీసుకోవాలి. శాంతికి 2006లో ఇవేవీ దొరకలేదు.